చదువు రాని పిల్లల జాబితా

మా ఆయన చనిపోయిన మొదటి ఏడాది నాకు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఏం చేయాలో తెలిసేది కాదు. ఆయన సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేవాడు. నాలుగున్నరకు ఇంటికి వచ్చి, చేతులు కడుక్కొని, టీ తాగుతూ పొద్దుటి పేపరు చదివేవాడు. లైబ్రరీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నేను ఆ టీకి తోడు కూర్చునేదాన్ని. ఉదయం ఇంటిపని ఉంటుంది. రాత్రికి డాక్టరు మాత్ర ఇచ్చాడు. మధ్యలో ఆ రెండు గంటలకు మాత్రం ఎవరి దగ్గరా ఏమీ లేదు.

పరామర్శకు వచ్చినవాళ్ళు తలా ఒక క్షేత్రం పేరు చెప్పారు. మహానంది పోయి కోనేట్లో మునిగి రమ్మన్నవాళ్ళే ఎక్కువ. ఫ్యాక్టరీ గేటు దగ్గర కట్టిన ఫ్లెక్సీలో ఆయన దివికేగిన ధ్రువతార అయ్యాడు. ఉద్యోగమంతా సున్నపురాయి పొడిలో తేమ ఎంతుందో చూసిన మనిషి. కర్మకాండల కార్డు అచ్చువేసే అతను వచ్చి, "పరమపదించారు అని వేయమంటారా, శివైక్యం చెందారు అని వేయమంటారా అమ్మా?" అని అడిగాడు. చనిపోయారు అని వేయమన్నాను. "అట్ల వేస్తే బాగుండదు గదమ్మా" అన్నాడు. అందులో బాగుండటానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

ఇలాంటి రోజుల్లో, ఒకప్పుడు మా లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదువుకున్న కుర్రవాడు ఒకతను ఇంటికి వచ్చాడు. ఇప్పుడతను మండలంలోని కొన్ని బడులు తిరిగి చూసే ఉద్యోగంలో ఉన్నాడు. ఎర్రగుంట్లకు కాస్త దూరంలో, నాపరాయి గనుల పక్కన ఉన్న ప్రాథమిక పాఠశాలలో, బడి వదిలిన తర్వాత పిల్లలకు చదువు చెప్పే ప్రభుత్వ కేంద్రం పెట్టారనీ, చెప్పేవాళ్ళు లేరనీ అన్నాడు.

"ఇంట్లో గమ్మున కూర్చోని ఏం జేస్తారు మేడం? నాలుగు నుంచి ఆరు దాకా అంతే."

అతను ఆ వేళ కాకుండా ఇంకే వేళ చెప్పినా నేను ఒప్పుకునేదాన్ని కాదు.

ఆ పథకానికి పొడుగాటి పేరుంది. అందులో వెలుగు ఉంది, బంగారం ఉంది, భవిత కూడా ఉంది. పిల్లలు దాన్ని గుగ్గిళ్ళ బడి అనేవాళ్ళు, ఎందుకంటే నాలుగుంబావుకు ఉడకబెట్టిన శనగలు పొట్లం కట్టి ఇస్తారు. ప్రభుత్వం దృష్టిలో అది చదువులో వెనకబడిన పిల్లలను ముందుకు తేవడానికి పెట్టింది. తల్లుల దృష్టిలో అది నాలుగు నుంచి ఆరు. ఈ రెండు అభిప్రాయాలూ ఒకే గదిలో ఒకదాని ముఖం ఒకటి చూసుకోకుండా చాలాకాలం కాపురం చేశాయి.

ముందు కడపలో రెండు రోజుల శిక్షణ అన్నారు. మొదటిరోజు చప్పట్లు ఎన్ని రకాలో నేర్పారు. వానచినుకుల చప్పట్లు, రొట్టె తట్టే చప్పట్లు, రైలు చప్పట్లు. రెండోరోజు మొదటిరోజు నేర్చుకున్నవి చేసి చూపించమన్నారు. నేర్పే అతను నా ముందు ఆగి, "మేడం, మీ ముఖంలో ఆనందం కనపడాలి. మీరు ఆనందంగా ఉంటేనే పిల్లలు నేర్చుకుంటారు" అన్నాడు. కారణం చెబితే అతని కార్యక్రమం పాడవుతుందని, మోకాళ్ళ నొప్పులన్నాను.

తర్వాత బడికి ఒక పెద్ద ఇనప పెట్టె వచ్చింది. అందులో కథల పుస్తకాలు, బొమ్మల కార్డులు, స్కిప్పింగ్ తాళ్ళు ఉన్నాయని మూత మీద అంటించిన పట్టిక చెప్పేది. ఏది చిరిగినా జవాబు చెప్పుకోవాలి కాబట్టి హెడ్మాస్టరు పెట్టెకు తాళం వేసి, ఎవరైనా తనిఖీకి వచ్చిన రోజు మాత్రం తెరిచేవాడు. పిల్లలకు అందులో చదవడానికి దొరికింది మూత మీది పట్టిక ఒక్కటే. దాన్ని వాళ్ళు కంఠతా పట్టారు.

వాళ్ళు నిజంగా చదివింది గుగ్గిళ్ళ పొట్లాలను. శనగలు తినేసి, పాత పేపరు ముక్కను తొడమీద సాపు చేసుకొని చదివేవాళ్ళు. టెండరు నోటీసులు, రాశిఫలాలు, మోకాలి చిప్ప మార్పిడి, పెళ్ళి ప్రకటనలు. నేను ఇంటినుంచి పుస్తకాలు తీసుకుపోయేదాన్ని. పిల్లలు వాటిని మర్యాదగా తీసుకొని పక్కన పెట్టేవాళ్ళు. పొట్లంలో ఏముంటుందో ముందుగా తెలియదు కాబట్టి వాళ్ళకు అదే ఇష్టం. ముప్పై ఏళ్ళు లైబ్రరీలో పుస్తకాలను వర్గాలవారీగా సర్దిన నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

అందరికంటే ముందు పొట్లం ఖాళీ చేసే పాప నాలుగో తరగతి. జూన్‌లో వచ్చినప్పుడు అక్షరాలు ఒక్కొక్కటే పలికేది. దసరా సెలవులు అయ్యేసరికి పొట్లం కాగితం అటూ ఇటూ రెండువైపులా చదివేసి పక్కవాళ్ళది అడిగేది.

"మేడం, ఈడ తెల్లగా పొడుగ్గా ఉండే అమ్మాయి కావాలంట. దేనికి?"

"పెండ్లికి."

"తెల్లగా అంటే సరే. పొడుగు దేనికి మేడం? బూజు దులపనా?"

ఆమె పక్కన ఒకటో తరగతి చదివే చెల్లెలు కూర్చునేది. పథకం మూడు నుంచి ఐదు తరగతుల వాళ్ళకే. అయితే జాబితాలో ఉన్న పిల్ల వెంట తోబుట్టువు తోడుగా కూర్చోవచ్చని ఒక నియమం ఉంది. తండ్రి సిమెంటు లారీ మీద పోతాడు. ఏ వారం వస్తాడో ఇంట్లో తెలియదు. తల్లి నాపరాయి పాలిష్ యూనిట్‌లో పనిచేసి ఆరుంబావుకు వస్తుంది. వాళ్ళ ఇల్లు ఊరికి చివర. ఇంటి వెనక రాయి తీసి వదిలేసిన గుంత ఉంది. నిండా వాననీళ్ళు. చుట్టూ కంచె లేదు. దాని లోతు ఎంతని అడిగితే ఒకరు రెండు తాటిచెట్లంటారు, ఒకరు మూడంటారు.

దసరా తర్వాత మండలం కుర్రవాడు వచ్చి పిల్లల చదువు విన్నాడు. విని సంతోషించలేదు.

"మేడం, మీరు శానా తొందరపడతాండారు" అన్నాడు.

పథకంలో నాలుగు మెట్లు ఉంటాయి. అక్షరం, పదం, పేరా, కథ. కథ చదవగలిగిన పిల్ల గమ్యం చేరినట్టు. గమ్యం చేరిన పిల్లకు వెనకబాటు లేదు, కాబట్టి జాబితాలోంచి పేరు తీసేస్తారు. అంతవరకు సబబుగానే ఉంది. జాబితాలో ఇరవైమంది కంటే తగ్గితే కేంద్రాన్ని ఎత్తేస్తారు. మాకు ఉన్నది ఇరవై ఇద్దరు. పోనీ ఎవరూ మెట్టు ఎక్కకపోతే, కేంద్రం పనిచేయడం లేదని అప్పుడూ ఎత్తేస్తారు.

"అట్లైతే నన్నేం జేయమంటావప్పా?"

"పేరా కాడికి తీసకరాండి మేడం. కథ కాడికి మాత్రం పోనీయాకండి. పిల్లోళ్ళు పోతా ఉండాల. చేరుకోగూడదు."

"వాళ్ళంతట వాళ్ళే పోతే?"

"ఆటలాడించండి" అన్నాడు. "స్కిప్పింగ్ తాళ్ళుండాయి గదా పెట్టెలో."

డిసెంబరులో జిల్లా నుంచి ఆఫీసరు వచ్చి స్వయంగా పరీక్ష పెడతాడని తెలిసింది. ముందురోజు ఆరు గంటలకు పిల్లలను పంపేసి తలుపు వేస్తుంటే ఆ పాప తల్లి గేటు దగ్గర నిలబడి ఉంది. ఆ రోజు యూనిట్ నుంచి పావుగంట ముందే అడిగి వచ్చిందట. కనురెప్పల మీద రాతిపొడి తెల్లగా ఉంది.

"రేపు పరీక్షంట గదమ్మా."

"బయపడాకు. మీ పాప బాగా చదువుతాది."

"నా బయం అదే" అంది ఆమె. "పాపకు చదువు రాదని రాయండమ్మా."

"వచ్చే పిల్లకు రాదని ఎట్ల రాసేది?"

"రానోళ్ళకు వచ్చని రాసేటోళ్ళు ఊరంతా ఉండారు. దానికంటే ఇది మేలు గదా. ఎవురిదీ ఎత్తుకపోయేది గాదు."

నేను తలుపు గడియ పెట్టి తాళం వేశాను.

"మా ఇంటెనక గుంత మీరు చూసినారో లేదో" అంది. "పెద్దది చెప్తే ఇంటాది. చిన్నదానికి నీళ్ళు కనపడితే కాలు నిలవదు. వాళ్ళిద్దరూ ఈడుండారంటే నేను మిషన్ కాడ దిగులు లేకుండా పని జేస్తా. ఇంటికాడ ఉండారంటే నా కండ్లు రాయి మీద ఉండవు. ఆ మిషన్‌కు రాయికీ చేతికీ తేడా తెల్దమ్మా."

పరీక్ష పెట్టేదీ, ఫలితం రాసేదీ ఆఫీసరేననీ, నా చేతుల్లో ఏమీ లేదనీ చెప్పాను. అది నిజమే. నిజం కాబట్టి సులభంగా చెప్పగలిగాను.

"అట్లైతే పాపకే చెప్తాలే" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పిల్లలకు అలా చెప్పిన తల్లి ఆమె ఒక్కతే కాదని మర్నాడు తెలిసింది.

ఆఫీసరు కొత్తగా ఉద్యోగంలో చేరిన యువకుడు. కోస్తా వైపు నుంచి వచ్చాడు, అందరినీ 'అండి' అనేవాడు. ఇనప పెట్టె తెరిచి ఉంది. ఆయన టాబ్ ఒళ్ళో పెట్టుకొని పిల్లలను ఒక్కొక్కరినే పిలిచాడు. మొదట వచ్చిన ఐదో తరగతి పిల్లవాడు రోజూ టెండరు నోటీసులను గడువు తేదీతో సహా చదివేవాడు. వాడు 'అ' ఉన్న కార్డు చేతిలోకి తీసుకొని, చాలాసేపు చూసి, "ఏనుగు" అన్నాడు. రెండో పాప కార్డును తలకిందులుగా పట్టుకొంది. మూడోవాడికి పాపం నటన రాదు. నోరు తెరిస్తే చదివేస్తానేమోనని నోరే తెరవలేదు. నాలుగో పిల్ల తనకు కళ్ళు కనపడవంది.

ఎనిమిది మంది అయ్యేసరికి ఆఫీసరు ముఖం పాలిపోయింది. "ఆరు నెలలుగా ఇక్కడ ఏం జరుగుతోందండీ?" అని నన్ను అడిగాడు. అడిగిన తీరులో కోపం కంటే బాధ ఎక్కువ ఉంది. మండలం కుర్రవాడికి చెమటలు పట్టాయి. మంచినీళ్ళు తెస్తానని వరండాలోకి వెళ్ళి, మిగిలిన పిల్లలతో గొంతు తగ్గించి మాట్లాడటం నాకు వినపడింది.

"ఒరేయ్, ఇంత మటుకు వద్దురా. నలుగురైదుగురన్నా పేరా చదవండి. లేకుంటే బడే ఎత్తేస్తారు."

"ఎవురు చదవాల సార్?"

"ఎవురో ఒకరు. మీరే అనుకోండి."

పిల్లలు అనుకున్నారు. ఆ తర్వాత వచ్చిన ఐదుగురు పేరా వరకు చక్కగా చదివి, కథ కార్డు ఇవ్వగానే ఒకరి తర్వాత ఒకరు మొదటి పదం దగ్గరే ఆగిపోయారు. ఆఫీసరు ముఖంలోకి కొంచెం రంగు వచ్చింది. ఆరు నెలలుగా నేను చెప్పిన చదువుకు అది ఫలితమని రాసుకున్నాడు. నిజానికి ఆ రోజు వాళ్ళు చేసిన పనికి చదవడం కంటే ఎక్కువ తెలివి కావాలి. దానికి మెట్టు లేదు.

అప్పుడు ఆ పాప వంతు వచ్చింది. అక్షరాలు చెప్పింది. పదాలు చెప్పింది. పేరా దగ్గర వాళ్ళమ్మ చెప్పినట్టే రెండుచోట్ల ఆగి, ఒకచోట తల గోక్కుంది. ఆఫీసరు నియమం ప్రకారం కథ కార్డు కూడా చేతికిచ్చాడు. ఆమె దాన్ని పట్టుకొని ఊరకే కూర్చుంది.

ఆ కథ నాకు తర్వాత తెలిసింది. ఒక ముసలాయన గేదెను ఇంటికి ఆనించి కట్టేసి పడుకుంటాడు. ఆకలేసిన గేదె రాత్రంతా కప్పు మీది గడ్డి తినేస్తుంది. తెల్లవారి లేచిన ముసలాయన పైన ఆకాశాన్ని చూసి, "మన ఇల్లు ఇంత ఎత్తు ఎప్పుడు లేచిందే?" అని భార్యను అడుగుతాడు.

పాప పెదవులు కదలలేదు. కళ్ళు మాత్రం ఒక వరుస నుంచి ఇంకో వరుసకు దిగుతూ పోయాయి. ఆ కార్డు ఆరు నెలలుగా పెట్టెలో ఉంది. ఆమె ఎప్పుడూ చూడనిది. చివరి వరుసకు వచ్చి నవ్వింది. ఆపుకోబోయింది కానీ, అప్పటికే బయటికి వచ్చేసింది.

"ఎందుకు నవ్వావమ్మా?" అన్నాడు ఆఫీసరు.

పాప నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. బయట చూడటానికి ఏమీ లేదు.

"చదివేశావు కదూ? పైకి చదువు, వింటాను."

ఆమె చదివింది. ఎక్కడా ఆగలేదు. ముసలాయన మాట వచ్చేసరికి గొంతు ముసలాయనలాగే మార్చింది. అది విని వరండాలో ఉన్న, చదువు రాని పిల్లలందరూ నవ్వారు.

ఆఫీసరు మంచివాడు. అంత సంతోషం ఆయన ఉద్యోగంలో అదే మొదటిసారేమో. లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. సంచిలోంచి బంగారు రంగు అంచున్న సర్టిఫికెట్ తీసి, పేరు రాసి, ఫోటో తీయించుకున్నాడు. పాప ఏడుస్తోంది. "ఆనందం అండీ" అన్నాడు నాతో. శిక్షణలో చెప్పిన ఆనందం అదేనేమో.

మర్నాటికి జాబితాలో ఆమె పేరు లేదు. జాబితాలో లేని పిల్లలు నాలుగు తర్వాత బడి ఆవరణలో ఉండకూడదు. పిల్లల భద్రత కోసమే ఆ నియమం పెట్టారని హెడ్మాస్టరు వివరించాడు. అక్కకు పేరు లేదు కనుక చెల్లెలికి తోడు నియమం కూడా వర్తించదు. రెండురోజులు వాళ్ళిద్దరూ గేటు బయట రోడ్డు పక్కన కూర్చున్నారు. లారీలు తిరిగే రోడ్డు. మూడోరోజు హెడ్మాస్టరు భయపడి ఇంటికి పొమ్మన్నాడు. నా ఇల్లు ఎర్రగుంట్లలో, బస్సు దూరం. అక్కడికి తీసుకుపోవడం కుదరదు.

ఆ సాయంత్రం ఆరు కాకముందే పిల్లలను, కేంద్రం చూడటానికి వచ్చిన మండలం కుర్రవాడికి అప్పగించి వాళ్ళ ఇంటికి నడిచిపోయాను. చెల్లెలు గుంత ఒడ్డున కూర్చొని నీళ్ళలోకి రాళ్ళు వేస్తోంది. అక్క పక్కనే ఉంది. చెల్లెలి గౌను వెనక కొసను పిడికిట్లో చుట్టుకొని పట్టుకుంది. రెండో చేతిలో పుస్తకం లేదు, కాగితం లేదు.

"ఎంతసేపైంది ఇట్ల పట్టుకోని?"

"బడి ఇడిచినప్పటి నుంచి మేడం. ఇంట్లో ఉండుమంటే ఏడుస్తాది."

వాళ్ళమ్మ వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. ఆమె దూరం నుంచే మమ్మల్ని లెక్కపెట్టుకుంటూ వచ్చింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

మర్నాడు మండలం కుర్రవాడిని నిలదీశాను. పేరు తిరిగి ఎక్కించడానికి దారే లేదా అన్నాను. అతను ఫోన్‌లో చాలాసేపు వెతికాడు.

"దానికో ఫారం ఉండాది మేడం. నేర్చుకున్నది మర్చిపోయి వెనక్కి జారిన పిల్లోళ్ళను మళ్ళా చేర్చుకునేదానికి. ఇంతవరకూ ఎవురూ అడగల్యా."

"ఎవురు రాయాల?"

"చదువు చెప్పినోళ్ళే రాయాల. మీరే. పాప మర్చిపోయిందని."

ఆ ఫారం నేను రెండురోజులు ఇంట్లో పెట్టుకున్నాను. ఒక మనిషి చనిపోతే చనిపోయాడని మాత్రమే రాయాలని పట్టుబట్టినదాన్ని. రెండోరోజు సాయంత్రం, టీ పెట్టుకునే వేళకు, కూర్చొని రాశాను. రాయడం మొదలుపెట్టాక ఆ భాష దానంతట అదే వచ్చింది. 'పై విద్యార్థిని నిరంతర కృషి సలిపినప్పటికీ, సాధించిన పఠన సామర్థ్యమును నిలుపుకొనలేకపోయినది. ప్రస్తుతము సరళమైన వాక్యములను సైతము చదువజాలకున్నది. కావున పునశ్చరణ నిమిత్తము మరల చేర్చుకొనవలసినదిగా ప్రార్థన.' ఫ్లెక్సీ రాసినతను కూడా వంక పెట్టలేడు.

ఫారం కింద ఒక షరతు ఉంది. తల్లిగానీ తండ్రిగానీ సంతకం చేయాలి. చదువు రానివాళ్ళయితే, అందులో ఉన్నది పూర్తిగా చదివి వినిపించిన తర్వాతే వేలిముద్ర తీసుకోవాలి. మండలం కుర్రవాడు ఇంకు డబ్బా ఇచ్చాడు. ఆదివారం వాళ్ళింటికి పోయాను. తల్లి గుమ్మంలో కూర్చొని చిన్నదానికి పేలు చూస్తోంది. కాగితం తీసి, కళ్ళజోడు కోసం సంచిలో వెతికాను. ఇంట్లోనే మరిచి వచ్చాను. అక్షరాలు నాకు ఆనడం లేదు.

"నేను చదువుతాలే మేడం" అని పాప కాగితం తీసుకుంది.

నిలబడి, రెండు చేతులా పట్టుకొని చదివింది. 'పునశ్చరణ' దగ్గర ఒక్కక్షణం ఆగి, లోపల విడదీసుకొని, సరిగ్గా చదివింది. కింది షరతు కూడా చదివింది. తల్లి చేతులు చిన్నదాని తల మీద ఆగిపోయాయి.

"ఏం జెప్తాండాది అది?" అంది.

"నాకు చదవను రాదంట మా."

తల్లి తల ఊపి, చెయ్యి చాపింది. ఇంకు రాసి వేలిముద్ర వేయించాను. ఆమె బొటనవేలిని పైటకు తుడుచుకుంటూ కూతురి వైపు చూసింది.

"ఇంగోతూరి చదువు" అంది.

పాప మొదటి నుంచి మళ్ళీ చదివింది.